చిన్నాయన కారు దాచిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పైకప్పు మడతపెట్టే కారు ఒకటి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మార్కాపురం లాంటి ఊళ్లో, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, అలాంటి కారు ఎక్కడిదని అడుగుతారు. అది మా చిన్నాయనది, అంటే మా నాయన తమ్ముడిది. అన్నదమ్ములిద్దరూ కలిసి పలకల వ్యాపారం చేసేవాళ్లు. ఊరి బయట గనుల్లో తీసిన రాయిని పలచగా చీల్చి, బడిపిల్లలు రాసుకునే పలకలుగా కోయించి, చెక్క చట్రాలు బిగించి, పెట్టెల్లో గడ్డి పరిచి సర్ది రైలుకెక్కించేవాళ్లు. సరుకు పని మీద మద్రాసు వెళ్లిన చిన్నాయన ఒకసారి రైల్లో కాకుండా కారులో తిరిగొచ్చాడు. ఎవరో దొర దేశం వదిలి వెళ్తూ అమ్మేసిన పాత కారట. నేరేడు పండు రంగు. పైన రేకు బదులు నల్లటి మందపాటి గుడ్డ. ముందు అద్దం దగ్గరున్న కొక్కేలు విప్పి ఆ గుడ్డను వెనక్కి మడిస్తే ఇక నెత్తిన ఏమీ ఉండేది కాదు.

ఊళ్లో దాన్ని బోడికారు అనేవాళ్లు. ఆ పేరు మా అవ్వకు గిట్టేది కాదు. ముత్తైదువ ఎక్కే బండికి అదేం పేరని కనపడినవాళ్లనల్లా కసిరేది. ఆ ముత్తైదువ మా చిన్నమ్మ.

చిన్నమ్మది యర్రగొండపాలెం. అడవి అంచున పెరిగిన మనిషి. మా ఊరి ఎండా, రాతి పొడీ ఆమెకు ఎన్నడూ పడలేదు కాని, ఆ మాట పైకి అనేది కాదు. సాయంత్రం చిన్నాయన కారు టాపు మడిచిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పని చేతిలో పెట్టి వచ్చేసేది. కొంగు తలచుట్టూ తిప్పి గడ్డం కింద ముడివేసుకుని ముందు సీట్లో కూర్చునేది. వాళ్లకు పిల్లలు లేరు. వెనక సీటు నాది. దోర్నాల రోడ్డు మీద కొంత దూరం పోయాక కొండ గాలి మొదలయ్యేది. అక్కడినుంచి వెనక్కి తిప్పబోతే ఆమె, ఇంకొంచెం దూరం పోదాం అనేది. ఆ ఇంకొంచెం ఎప్పుడూ ఇంకొంచెమే. చిన్నాయన ఒక్కసారి కూడా కాదనలేదు. మగవాళ్లు రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లు, ఆడవాళ్లు ఏవేవో అనుకునేవాళ్లు. ఇద్దరికీ పట్టేది కాదు.

తర్వాత ఆమెకు ఆయాసం మొదలయింది. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత నీళ్లు తోడితే, తర్వాత కూర్చున్నచోటే. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. చిన్నతనంలో వచ్చిన జ్వరం ఏదో లోపల గుండెను పట్టుకుని కూర్చుందని కర్నూలు డాక్టర్లు చెప్పారు. మద్రాసు తీసుకుపొమ్మన్నారు. చిన్నాయన రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్లాడు. అక్కడ పెద్దాసుపత్రిలో చేర్చి, ఆమె తల్లిని తోడుంచి, కొన్నాళ్లకు ఒక్కడే ఇంటికి వచ్చాడు. తన పనులన్నీ మా నాయనకు అప్పజెప్పి, తిరిగి వెళ్లి ఆమె దగ్గరే ఉండిపోవాలని వచ్చాడు. నేను చెప్పబోయే రోజు అప్పటిది.

మనిషి సగమై వచ్చాడు. గడ్డం పెరిగింది. అవ్వ అడిగిన ప్రతిదానికీ, బాగుంది, తగ్గుతాది అనే చెప్పాడు. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచాడు. మరుసటి పొద్దున్నే పంచె ఎగగట్టి, పలకల పెట్టెలుండే కొట్టం తలుపులు తీసి, కారు దాచిపెట్టాలి అన్నాడు.

మా నాయన వరండాలో నిలబడి కొంతసేపు చూశాడు. "అమ్మేద్దాంలేరా. నువ్వు లేకుంటే దాన్ని చూసేదెవరు? ఎలుకలు కొట్టేస్తాయి," అన్నాడు.

"అమ్మను."

"మరి ఎన్నాళ్లని పెడతావు?"

చిన్నాయన కొట్టంలోకి తొంగిచూసి వెనక్కి తిరిగాడు. నన్ను పిలిచి, "అమ్మీ, నువ్వు రా నాతో," అన్నాడు. వేసవి సెలవులకు ముందు రోజులు. ఆ రోజు బడికి పోవద్దన్నాడు.

కారును ఊరికే కొట్టంలోకి తోసి తలుపేస్తారనుకున్నాను. పొద్దు వాలేదాకా పట్టింది. ముందుగా కొట్టంలోని గడ్డంతా బయట వేయించాడు. గడ్డి ఉంటే ఎలుకలు గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. నేలంతా నీళ్లు చల్లి ఊడిపించి ఆరబెట్టాడు. పలకల పొడి కంటికి కనపడనంత మెత్తనిదైనా రంగు మీద పడి గుడ్డతో రుద్దితే గీతలు పెడుతుందని చెప్పాడు. మట్టి నేలలోంచి చెమ్మ పైకి రాకుండా పనికిరాని రాతి పలకలు తెచ్చి వరసగా పరిచాం. నేను అందిస్తే ఆయన సర్దాడు.

తర్వాత కారును ఊరి బయటిదాకా నడిపి తెచ్చాడు. నన్ను ఎక్కించుకోలేదు. ఇంజను వేడెక్కాకే పాత ఆయిలు పూర్తిగా దిగుతుందట. కింద బిరడా విప్పితే నల్లగా, తారులాగా కారింది. అలాంటి ఆయిలు నెలల తరబడి లోపలే ఉంటే ఇనుమును తినేస్తుందని, కొత్తది పోసి పెడితే నడవకపోయినా బండి లోపల తుప్పు పట్టదని చెప్పాడు. నడిచే బండి నడిచినంతకాలం బాగానే ఉంటాది అమ్మీ, నిలబెట్టినప్పుడే దానికి జబ్బులన్నీ వస్తాయి అన్నాడు. జబ్బు అన్న మాట నోటెంట రాగానే ఆగి, చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది ఆ గుడ్డ టాపుకే. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, కుంకుడుకాయ నురగతో పలచగా కడిగి, మంచినీళ్లతో తుడిచి, నీడపట్టున గాలికి ఆరనిచ్చాం. ఎండలో పెడితే గుడ్డ బిగుసుకుపోతుంది. తడి ఉండగా మడిస్తే లోపల బూజు పడుతుంది. ఆరింది కదా మడిచేద్దామా అని అడిగాను, మడిచే కారు కాబట్టి మడిచే దాచాలనుకున్నాను. కాదన్నాడు. మడతలోనే ఎక్కువ కాలం ఉంటే ఆ మడత పడినచోటే గుడ్డ చిట్లుతుందట, మళ్లీ లాగితే పొట్టిదై కొక్కేలకు అందదట. అందుకని టాపును పూర్తిగా పైకి లాగి, బిగుతుగా కొక్కేలు పెట్టి, అద్దాలు మాత్రం గాలి ఆడేలా కొంచెం దించి ఉంచాడు. తోలు సీట్లకు ఆముదం పలచగా రాసి మళ్లీ పొడిగుడ్డతో తుడిచాడు. ముందు సీటు తుడిచేటప్పుడు ఆ తోలు మడతల్లోంచి ఒక తలపిన్ను బయటపడింది. దాన్ని జేబులో వేసుకున్నాడు.

పైన కప్పడానికి ఏదైనా కావాల్సి వచ్చింది. నాయన టార్పాలిన్ తెమ్మన్నాడు. టార్పాలిన్ కింద చెమ్మ బయటికి పోక రంగు పొక్కుతుందని చిన్నాయన ఒప్పుకోలేదు. పాత నూలు బట్టే కావాలన్నాడు. మా అమ్మ లోపలికి వెళ్లి చిన్నమ్మ పాత నూలు చీరలు తీసుకొచ్చింది. వాటిని చూడగానే అవ్వ గడప దాటి వచ్చింది.

"బతికున్న మనిషి చీరలు కారుకు కప్పుతారా? అది తిరిగొచ్చి ఏం కట్టుకుంటాది?" అంది.

చిన్నాయన తల్లి ముఖంలోకి చూడలేకపోయాడు. అమ్మ చేతిలోని చీరలు తీసుకుని, తానే మడతలు సరిచేసి, పెట్టెలో పెట్టి వచ్చాడు. తన పంచెలు తెచ్చి ఇచ్చాడు. అమ్మ వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టింది. కుడుతూ ఏడ్చింది. అవ్వకు ఒక్కదానికే అసలు సంగతి తెలియదని, తక్కిన పెద్దవాళ్లందరికీ తెలుసని నాకు అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నం తర్వాత జాకీ పెట్టి కారును ఒక్కో పక్కా లేపి, కింద చెక్క మొద్దులు పెట్టాడు. బరువంతా ఒక్కచోటే ఆని ఉంటే టైర్లు అడుగున చదునైపోతాయట. హ్యాండ్‌బ్రేకు లాగలేదు, లాగి వదిలేస్తే లోపల అతుక్కుపోతుంది. బ్యాటరీ విప్పి ఇంట్లో చెక్కబల్ల మీద పెట్టించాడు. కలరా ఉండలు గుడ్డమూటలు కట్టి సీట్ల కింద పెట్టాం. పొగగొట్టంలో గుడ్డ కుక్కి, అది అక్కడుందని మరిచిపోకుండా స్టీరింగుకు ఎర్రపేలిక కట్టాడు.

ఇక పెట్రోలు మిగిలింది. రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చి, ట్యాంకులోని పెట్రోలంతా డబ్బాలోకి దించాడు. వానాకాలం మాదిరిగా రెండు మూడు నెలలకు నిలబెట్టేటప్పుడైతే ట్యాంకు మూతిదాకా నింపి పెట్టాలి, అప్పుడు లోపల చెమ్మ చేరదు అని చెప్పాడు. ఎన్నాళ్లో తెలియనప్పుడు మాత్రం చుక్క లేకుండా తీసేయాలి, లేకుంటే నిలవున్న పెట్రోలు జిగురుగా మారి గొట్టాలు మూసుకుపోతాయి. నేను ఆ సంగతి కూడా మిగతా సంగతులతో పాటే బుర్రలో పెట్టుకున్నాను. పాఠం అప్పజెప్పడానికి నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను.

అన్నీ అయ్యాక ఇద్దరం కారు పక్కన రాతి పలకల మీద కూర్చున్నాం. ఆయన చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. నేను ఊరుకోలేక అడిగాను.

"చిన్నమ్మకు ఎప్పుడు నయమవుతాది చిన్నాయనా?"

ఆయన కారు కింది మొద్దు కదులుతుందేమోనని చేత్తో నొక్కి చూశాడు. "కాదంట అమ్మీ," అన్నాడు చివరికి. "ఆపరేషను చేసే వేళ దాటిపోయిందంట. నాతో ఒక్కడితోనే చెప్పినారు. ఆమెకు చెప్పలేదు. ఇంటికి పోదాంలే, కొంచెం తగ్గనీ అని చెప్పి వచ్చినా."

ఏడుస్తున్నానని తెలియకుండా ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆయనకు లేదని ఇప్పుడు అనిపిస్తుంది. కొంతసేపటికి, అయితే ఇదంతా ఎందుకు చేశావని అడిగాను. ఆమె రాకపోతే కారు ఎట్లా ఉంటే ఏమని.

"రేపు నేను పోంగానే అడుగుతాది, కారు ఎట్ల పెట్టినావు అని. నా ముఖం చూసి మాట్లాడుతాది. నేను ఆమెతో ఎన్నడూ అబద్ధం ఆడినోణ్ణి కాదు. ఇప్పుడు ఒకటి ఆడుతున్నా. దానికే నా బలమంతా పోతావుంది. కారు గురించి కూడా ఇంకొకటి ఆడాలంటే నా వల్ల కాదు. బాగా పెట్టినా అని చెప్పాలంటే బాగా పెట్టి ఉండాల గదా."

అంతే అన్నాడు. లేచి చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లిపోయాడు.

వెళ్లేముందు నాకొక పని అప్పజెప్పాడు. వారానికొకసారి నాయన దగ్గర తాళం తీసుకుని కొట్టం తలుపులు తెరవాలి. గాలి ఆడనివ్వాలి. గాలిలో వేలాడుతున్న చక్రాలను చేత్తో తిప్పాలి. ఎలుక పెంటికలు కనపడితే నాయనకు చెప్పాలి. వాన వస్తే పైన కప్పిన పంచెలు తీసి ఆరేయాలి. ఆ పని నేను శ్రద్ధగా చేశాను. ఆమె బతకదని తెలిసి కూడా చేశాను. చక్రం తిప్పుతుంటే, ఇది బాగుంటే ఆమె కూడా బాగుంటుందేమోనని మనసులో ఒక మూల నమ్మేదాన్ని. చిన్నపిల్లకు ఒక సంగతి తెలియడం వేరు, నమ్మడం వేరు.

వేసవి సెలవుల్లో నాయన సరుకు పని మీద మద్రాసు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. చిన్నమ్మ చూడాలని అడుగుతున్నదట. పొడవాటి వరండాలో వరసగా ఇనప మంచాలు. ఆమెది కిటికీ పక్కన. వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడదట. కాళ్లు లావుగా, ముఖం చిక్కి, రెండూ ఒకే మనిషివి కానట్టున్నాయి. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు మాత్రం పాతదే.

నాయన డాక్టరుతో మాట్లాడటానికి వెళ్లాడు. చిన్నాయన బార్లీ నీళ్లు తేవడానికి వెళ్లాడు. ఆమె తల్లి బయట మెట్ల మీద కూర్చుని ఉంది. చిన్నమ్మ నన్ను మంచం మీదికి జరిగి కూర్చోమంది.

"కారు ఎట్ల పెట్టినారో నువ్వు చెప్పు అమ్మీ. మీ చిన్నాయనను అడిగితే బాగా పెట్టినా అంటాడు, అంతే. తర్వాత మాట మారుస్తాడు," అంది.

నాకు సంతోషమైంది. నేను చెప్పగలిగిన నిజమైన మంచి వార్త అదొక్కటే అనుకున్నాను. గడ్డి బయట వేయించిన దగ్గరనుంచి మొదలుపెట్టాను. ఆయిలు సంగతి, కుంకుడు నురగ, టాపు ఎత్తే ఎందుకు పెట్టాలో, చీరలు వద్దని పంచెలు కుట్టిన సంగతి, అన్నీ ఒక్కటి వదలకుండా అప్పజెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మధ్యమధ్యలో నవ్వింది. వారానికొకసారి చక్రాలు తిప్పుతున్నానని చెబితే నా చెయ్యి పట్టుకుంది. పెట్రోలు కూడా చుక్క లేకుండా తీసేసినాడు అని చెప్పాను.

ఆమె కళ్లు తెరిచింది.

"నిండా పోయలేదా?"

"లేదు చిన్నమ్మా. డబ్బాలోకి దించి నాయనకిచ్చినాడు."

"సరిగా చూసినావా నువ్వు?"

"గొట్టం పట్టుకునింది నేనే."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఏమీ లేదు, ఎదురుగా ఇంకొక గోడ. ఊపిరి మాత్రం పైకీ కిందికీ పోతున్నది. నాతో అన్నట్టు కాదు, మెల్లగా మాట్లాడింది. "పోయిన రెండు వానాకాలాలూ మూతిదాకా నింపి పెట్టినాడు. మళ్లా ఎప్పుడు తీసేదీ తెలుసు కాబట్టి. తెలియనప్పుడే తీసేయాలని నాకూ చెప్పినాడు."

నేను ఏం చెప్పేశానో నాకు అప్పుడు తట్టింది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఆమె వేళ్లు నా మణికట్టు మీద బిగిశాయి. ఆ చేతిలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"నేను అడిగినానని ఆయనకు చెప్పొద్దు. నువ్వు పెట్రోలు సంగతి చెప్పినట్టూ చెప్పొద్దు. నాకు తెలియదు అనుకునే కొంచెం నిద్రపోతాండాడు. ఎన్నటికీ చెప్పొద్దు. సరేనా?"

సరే అన్నాను. చిన్నాయన బార్లీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఆమె గ్లాసు అందుకుంటూ, కారు భలే పెట్టినారంట గదా, ఇంటికి పోయినాక ఒకసారి గిద్దలూరు దాకా పోయొద్దాం, ఆ పక్కకు ఎన్నడూ పోలేదు అంది. పోదాం, టాపు మడిచే పోదాం అన్నాడు ఆయన. ఆమె ఆయన వైపు చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను మంచం కోడు పట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాను. మా నాయన వచ్చి, ఏం మాట్లాడుకుంటున్నారు అంటే ఇద్దరూ ఒకేసారి గిద్దలూరు ప్రయాణం గురించి చెప్పారు.

వానలు మొదలవుతుండగా ఆమె పోయింది. దహనం అక్కడే జరిపించారు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో చిన్నాయన ఒక్కడే దిగాడు. చేతిలో ఆమె బట్టల పెట్టె. అవ్వ ఆ పెట్టెను చూసి స్టేషన్లోనే కూలబడిపోయింది.

కర్మకాండ అంతా అయ్యాక ఒక పొద్దున ఆయన కొట్టం తెరిచాడు. నేను వెనకే వెళ్లాను. కప్పిన పంచెలు తీశాడు. కారు మేము పెట్టిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. తుప్పు లేదు, బూజు లేదు, ఒక్క వైరైనా ఎలుక కొరకలేదు. మొద్దులు తీసి కిందికి దించాడు. ఎర్రపేలిక విప్పి, పొగగొట్టంలోని గుడ్డ లాగేశాడు. బ్యాటరీ బిగించి, కొత్త పెట్రోలు తెచ్చి పోసి, లోపల కూర్చుని తాళం తిప్పాడు. మొదటిసారికే ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకు వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చి, చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆయన బండిని బయటికి తీయలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. తర్వాత తాళం తిప్పేసి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆమెకు తెలియదు అమ్మీ. చివరిదాకా ఇంటికి పోదామనే అనింది. భయపడకుండా పోయింది. నేను ఏమీ చేయలేకపోయినా గాని, ఆ ఒక్కటి చేసినా," అన్నాడు.

నేను తల ఊపాను.

ఆ మరుసటి రోజు ఆయన మళ్లీ ఆయిలు, మళ్లీ కుంకుడు నురగ, మళ్లీ మొద్దులు, అన్నీ మొదటినుంచీ చేసి కారును దాచేశాడు. పెట్రోలు తీసేశాడు. ఏటేటా అదే పని. బయటికి తీసింది లేదు, టాపు మడిచింది లేదు. అవ్వ మళ్లీ పెండ్లి చేసుకొమ్మని ఎంత పోరినా వినలేదు. నాకు పెండ్లయి, పిల్లలు పుట్టి, పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఎప్పుడో ఒకసారి ఆ మాట మళ్లీ వచ్చేది. ఆమెకు తెలియకుండా పోయింది, అదే నా అదృష్టం అనేవాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. చెబితే ఆయనకు మిగిలిన ఆ కాస్తా పోతుంది. చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఆయన పోయాక హైదరాబాదునుంచి పాత కార్లు కొనే మనిషి ఒకాయన వచ్చి, ఇన్నేళ్లు నిలబెట్టిన బండి ఇంత శుభ్రంగా ఉండటం తానెక్కడా చూడలేదన్నాడు. లారీలో ఎక్కించుకుని పోయాడు.

ఆ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చేసింది చాలా గొప్పదని ఇది విన్నవాళ్లు అనుకోవచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కాని ఆ వరండా, ఆ మంచం గుర్తొచ్చినప్పుడు వేరే ఆలోచన వస్తుంది. చావు దగ్గరికొస్తున్నదని ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు. ఒక్క మంచం దగ్గరే ఉండి, పగలంతా గిద్దలూరు ప్రయాణం గురించి మాట్లాడుకుంటూ, ఎవరి భయం వాళ్లు ఒంటరిగా పడ్డారు. ఒక్కరోజైనా ఇద్దరూ కలిసి ఏడ్చి ఉంటే ఏమయ్యేది? నేను చక్రం తిప్పినందుకు బతకనట్టే, ఏడ్చినందుకూ ఆమె బతికి ఉండేది కాదు. అయినా ఆ చివరి నెలల్లో ఒకరికొకరు ఉండేవాళ్లు. ఇంత ప్రేమ ఉండి కూడా ఎవరికి వాళ్లే పోయారే అనిపిస్తే నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

ఆ రోజునుంచి నా దగ్గర మిగిలింది ఇదే. మా ఆయనకు పోయినేడు కాలేయంలో గడ్డ ఉందని తేలినప్పుడు, డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక నయం కాదని చెప్పిన మాటను, పిల్లలు వద్దంటున్నా, ఆ సాయంత్రమే ఆయనకు చెప్పేశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. అన్నం సగంలో లేచిపోయేవాడు. చెప్పకపోతే ఇంకొన్నాళ్లు నిశ్చింతగా ఉండేవాడు కదా అని నేను వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం మజ్జిగ పోస్తుంటే, తల ఎత్తకుండా, "నువ్వొక్కదానివే మోయకుండా నాకు చెప్పినావు, మంచిదయింది," అన్నాడు.

ఆ తర్వాత ఎక్కువకాలం ఉండలేదు. ఆ మాట ఆయన నిజంగా అనుకునే అన్నాడో, నేను నిద్రపోవాలని అన్నాడో, అడగలేకపోయాను.